తెలుగు దారిన కొరియన్ భాషకు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల్లో కొరియన్ నేర్చుకోవాలన్న కోరిక ఉన్న విద్యార్థులు ఇప్పుడు అరుదేమీ కారు. కొందరిని డ్రామాలూ పాటలూ ఆకర్షించాయి. కొందరు పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారాన్నో, శ్రీపెరుంబుదూరులోని హ్యుందాయ్‌నో దృష్టిలో పెట్టుకొని దుబాసీ ఉద్యోగం కోసం చూస్తున్నారు. ఇంకొందరు ఉపకారవేతనంతో కొరియా విశ్వవిద్యాలయాల్లో చదవాలనుకుంటున్నారు. కారణం ఏదైనా, దాదాపు అందరూ ఇంగ్లీషు మాట్లాడేవారి కోసం తయారైన పాఠాలతోనే మొదలుపెడతారు. ఆ పాఠాలు క్రియ వాక్యం చివర వస్తుందనీ, నామవాచకానికి వెనక ప్రత్యయం చేరుతుందనీ, ఎదుటివారి వయసును బట్టి క్రియారూపం మారుతుందనీ పెద్ద విడ్డూరంగా పేజీలకు పేజీలు చెబుతాయి. పుట్టినప్పటి నుంచీ అలాగే మాట్లాడుతున్న మనకు ఆ వివరణలు సులువైనదాన్ని కష్టంగా చూపిస్తాయి. మనం నిజంగా తడబడే చోట్ల మాత్రం ఏమీ చెప్పవు. అందువల్ల తెలుగు మీదుగా కొరియన్‌కు వెళ్లడం ఎలాగో, తెలుగు ఎక్కడ చేయందిస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో ఇక్కడ వివరిస్తున్నాను.

అక్షరాలతో మొదలుపెట్టాలి

కొరియన్ లిపి పేరు హంగుల్. చోసన్ రాజ్యాన్ని పాలించిన సెజోంగ్ రాజు దీన్ని 1443లో రూపొందించి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. అంతకుముందు రాతకోతలన్నీ చైనా అక్షరాలలోనే సాగేవి కాబట్టి సామాన్యుడు తన మొర తాను రాసుకోలేకపోయేవాడు. ఆస్థాన పండితుడు చ్వే మల్లి 1444లో ఈ కొత్త లిపిని వ్యతిరేకిస్తూ రాజుకు విజ్ఞాపన పెట్టాడు. చదువుకున్న మగవారు ఆ తరవాత కూడా చాలాకాలం దీన్ని ఆడవాళ్ల రాతగా చిన్నచూపు చూశారు. గ్రాంథిక, వ్యావహారిక వాదాల చరిత్ర తెలిసినవారికి, అందులోనూ గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట ఉన్న జిల్లావారికి, ఈ కథలో తెలియనిదేమీ ఉండదు. ఈ లిపిని తెలివైనవాడు ఒక పూటలో, మందమతి సైతం పది రోజుల్లో నేర్చుకోగలడని ఆనాటి గ్రంథంలోనే రాసి ఉంది. పది రోజులన్నది ఇప్పటికీ సరైన గడువే. ఆ పది రోజులూ వ్యాకరణం జోలికి వెళ్లవద్దు.

నేటి హంగుల్‌లో 14 హల్లులు, 10 అచ్చులు మూలాక్షరాలు. ద్విత్వాలూ సంయుక్తాచ్చులూ కలిపితే మొత్తం 40. హల్లుల ఆకారాలు నోటి భాగాలను చూసి గీసినవి. కుడివైపుకు సాగి అక్కడి నుంచి కిందికి దిగే మూల ఆకారం ‘క’. నాలుక మొదలు పైకి లేచి గొంతును మూసినప్పుడు పక్క నుంచి చూస్తే కనిపించే రూపం అది. కిందికి దిగి కుడివైపుకు తిరిగే మూల ‘న’. నాలుక కొన పైపంటి చిగురును తాకే తీరు అందులో ఉంది. నోటిని సూచించే చతురస్రం ‘మ’. అచ్చులు ఇంకా తేలిక. నిలువు గీత మనిషి, అడ్డగీత నేల, చుక్క ఆకాశం. ఆ చుక్కే ఇప్పుడు పొట్టి గీతగా మారింది. నిలువు గీతకు కుడిపక్కన పొట్టి గీత పెడితే ‘ఆ’, అడ్డగీతకు పైన పెడితే ‘ఓ’, కింద పెడితే ‘ఊ’. ఆ పొట్టి గీతను రెండు చేస్తే ముందు యకారం చేరి ‘యా’, ‘యో’, ‘యూ’ అవుతాయి.

తెలుగు చదివినవారికి ఇక్కడ రెండు విషయాలు కలిసివస్తాయి. కొరియన్‌లో అక్షరాలను విడివిడిగా వరసలో పేర్చరు. హల్లుకు కుడిపక్కనో కిందో అచ్చును, అడుగున పొల్లు హల్లును చేర్చి ఒక్క గడిలో ఇమిడేలా రాస్తారు. గుణింతాలకూ వత్తులకూ అలవాటుపడ్డ కన్నుకు ఇది కొత్త కాదు. రెండోది, ‘క’ ఆకారానికి లోపల ఒక గీత చేరిస్తే అది ‘ఖ’ అవుతుంది. ‘ద’కు గీత చేర్చి ‘ధ’, ‘చ’కు చేర్చి ‘ఛ’ రాసుకునే పద్ధతే అది. ఇక సున్న ఆకారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గడికి మొదట్లో ఉంటే దానికి శబ్దం లేదు, అచ్చుకు ముందు ఖాళీని నింపడానికే అది ఉంటుంది. గడికి అడుగున ఉంటే ‘అంగం’లోని సున్నలా పలుకుతుంది.

అక్షరాలు చేతికి వచ్చాక మొదటి అభ్యాసంగా మన ఊళ్ల పేర్లు రాయడం మంచిది, ఎందుకంటే పరాయి భాషలోని పరిమితులన్నీ ఆ పనిలో ఒకేసారి బయటపడతాయి. ‘పలాస’ మూడు గడుల మాట. కానీ ‘ప’, ‘లా’, ‘సా’ అని రాస్తే కొరియన్ చదువరి దాన్ని ‘పరాసా’ అని చదువుతాడు. వారి లకారం రెండు అచ్చుల నడుమ ఒంటరిగా ఉంటే రేఫలా మారుతుంది. అందుకని మొదటి గడి అడుగున మరో లకారం చేర్చి ‘పల్-లా-సా’ అని రాయాలి. ‘శ్రీకాకుళం’లో మొదటి సంయుక్తాక్షరం నిలవదు, ‘సు-రి-కా-కుల్-లామ్’ అని ఐదు గడులవుతుంది. ళకారం లకారంలో కలిసిపోతుంది. ‘విజయనగరం’లోని వకారానికి వారి దగ్గర అక్షరం లేదు, ‘బ’తో సరిపెట్టుకోవాలి. ‘టెక్కలి’, ‘తెర్లాం’ రెండూ ఒకే తకారంతో మొదలవుతాయి. ఇంట్లోవాళ్ల పేర్లు, బస్సు మీద బోర్డులు, దుకాణాల పేర్లు ఇలా రాస్తూ పోతే పది రోజులు పూర్తయ్యేసరికి చదవడం పట్టుబడుతుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన కొరియన్‌ను మాత్రం మొదటి రోజు నుంచే పక్కన పెట్టాలి. 2000లో ప్రభుత్వం నిర్ణయించిన ఇంగ్లీషు రాతలో రెండేసి అక్షరాలతో (eo, eu) చూపే అచ్చులను మనవారు ‘ఇయో’ అనీ ‘ఇయు’ అనీ చదివి పాడుచేసుకుంటున్నారు. వాటిలో మొదటిది అకారానికీ ఒకారానికీ నడుమ, నోరు కొంచెం తెరిచి పలికే ధ్వని. రెండోది పెదవులు గుండ్రంగా చుట్టకుండా, చిరునవ్వులా సాగదీసి పలికే ఉకారం. ఈ వ్యాసంలో నేను తెలుగు అక్షరాల్లో రాస్తున్న మాటలను కూడా చెవితో సరిచూసుకోవలసిందే.

చెవికి పట్టవలసిన ధ్వనులు

తెలుగు సాయం చేయని చోటు ఇదే. మనకు సరళాలు, పరుషాలు వేరు: ‘గ’ వేరు, ‘క’ వేరు. కొరియన్‌లో ఆ తేడాకు అర్థం లేదు. మాట మొదట్లో ‘క’గా వినిపించే అక్షరమే రెండు అచ్చుల నడుమ ‘గ’ అవుతుంది. తమిళం చదివినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. వారు పాటించే తేడా మూడు రకాలది: మామూలు, ఊపిరి వదిలేది, గొంతు బిగించేది. ‘తల్’ అంటే చంద్రుడు, ‘థల్’ అంటే జానపద నాటకాల్లో పెట్టుకునే మాస్కు, ‘త్తల్’ అంటే కూతురు. అలాగే ‘పుల్’ నిప్పు, ‘ఫుల్’ గడ్డి, ‘ప్పుల్’ కొమ్ము.

మహాప్రాణాలు మన లిపిలో ఉన్నాయి కానీ నోట్లో లేవు. ఉత్తరాంధ్రలో ‘భాష’ను ‘బాస’ అనీ, ‘ధర్మం’ను ‘దరమం’ అనీ పలకడం సహజం, అందులో తప్పు పట్టవలసిందీ లేదు. అయితే కొరియన్ కోసం ఆ ఊపిరిని తిరిగి అలవాటు చేసుకోవాలి. పెదవుల ముందు పల్చని కాగితం ముక్క పట్టుకొని ‘థల్’ అంటే కాగితం స్పష్టంగా కదలాలి, ‘త్తల్’ అంటే కదలకూడదు. బిగించి పలికే ధ్వని మనకు ‘అక్క’, ‘అత్త’, ‘అప్పు’ వంటి మాటల నడుమ ఉంది. మొదటి అకారాన్ని మనసులోనే అనుకొని మిగిలినదాన్ని పైకి పలికితే ఆ ధ్వని చాలావరకు వస్తుంది.

తెలుగు అజంత భాష కావడం మరో చిక్కు. ‘బస్’ను ‘బస్సు’ చేసుకున్నట్టే మన నాలుక ప్రతి మాట చివరా ఒక ఉకారాన్ని అతికిస్తుంది. కొరియన్‌వారు కూడా ఇంగ్లీషు ‘బస్’కు చివర అచ్చు చేర్చి ‘బొసు’ అంటారు కానీ, వారి సొంత మాటల్లో పొల్లుతో ముగిసేవి ఎన్నో ఉన్నాయి. అన్నానికి మాట ‘పప్’. చివరి పకారం దగ్గర పెదవులు మూసుకొని అక్కడే ఆగిపోవాలి, తిరిగి విప్పకూడదు. మాట చివర ఏ హల్లు రాసి ఉన్నా పలికేవి ఏడు ధ్వనులే.

ఈ పొల్లులు పక్క హల్లుతో కలిసినప్పుడు జరిగే మార్పులను ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు పట్టికలుగా ఇచ్చి బట్టీ పట్టమంటాయి. పదో తరగతిలో అనునాసిక సంధి చదివినవారికి పట్టికలతో పని లేదు. వాక్ + మయం వాఙ్మయం అయినట్టు, జగత్ + నాథుడు జగన్నాథుడు అయినట్టు, కొరియన్‌లోనూ వర్గాక్షరం తరవాత నకారమో మకారమో వస్తే అది తన వర్గపు అనునాసికంగా మారుతుంది. పులుసులోని నీటిభాగాన్ని ‘కుక్’, ‘ముల్’ అన్న రెండు మాటలు కలిపి రాస్తారు, ‘కుంగ్‌ముల్’ అని పలుకుతారు. ‘హప్’, ‘నిదా’ అని రాసింది ‘హమ్నిదా’ అవుతుంది. మనకు సంస్కృతం నుంచి వచ్చిన సమాసాలకే పరిమితమైన ఈ సంధి వారికి రోజువారీ మాటల్లోనే జరుగుతుంది, అంతే తేడా.

వాక్యం దాదాపు మనదే

‘చొనున్ హక్క్యొఎ కాయొ’ అన్న వాక్యాన్ని ముక్కలు చేస్తే ‘నేను’, ‘బడికి’, ‘వెళ్తాను’ అని అదే వరసలో వస్తుంది. బడి అన్న మాట వెనక ఉన్న ‘ఎ’ మన చతుర్థీ ప్రత్యయం ‘కి’ చేసే పనే చేస్తుంది. ఇలాంటి పోలిక ఏ కొత్త భాషలోనైనా ఒకటి రెండు చోట్ల దొరకవచ్చు. కానీ కొరియన్‌లో అది లోతుకు పోయేకొద్దీ పెరుగుతుంది. ‘నిన్న వచ్చిన మనిషి’ అన్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చాలంటే మొత్తం తిరగేసి రాయాలి. కొరియన్‌లో ‘ఒజె ఓన్ సారమ్’, మాటకు మాట సరిపోతుంది. ‘తినే అన్నం’ అంటే ‘మొంగ్‌నున్ పప్’, ‘తిన్న అన్నం’ అంటే ‘మొగున్ పప్’. తినడానికి ధాతువు ‘మొక్’. మొదటి మాటలో అది ‘మొంగ్’ కావడం పైన చెప్పిన అనునాసిక సంధి వల్లనే.

నాకు అన్నిటికంటె నచ్చేవి జంట క్రియలు. మనం ‘తిని చూడండి’ అంటాం. తినడం అయ్యాక కళ్లతో చూడమని దాని అర్థం కాదు, రుచి ఎలా ఉందో తెలుసుకోమని. కొరియన్‌లోనూ ‘తిని’ తరవాత ‘చూడు’ అనే క్రియనే చేర్చి ‘మొగొ బోసేయొ’ అంటారు. మన ‘తినేశాను’లో ‘తిని’, ‘వేశాను’ దాగి ఉన్నాయి. వారు ‘తిని’ తరవాత పారవేయడం అనే క్రియను పెట్టి ‘మొగొ బొర్యొస్సొయొ’ అంటారు, భావం కూడా పని పూర్తయిపోయిందనే. ‘చేసిపెట్టండి’ అనడానికి ‘చేసి ఇవ్వండి’ అన్న అర్థంలో ‘హె జుసేయొ’ అంటారు. ఇంగ్లీషు పాఠాల్లో ఈ మూడూ మూడు వేర్వేరు అధ్యాయాల్లో మూడు వ్యాకరణ సూత్రాలుగా ఉంటాయి. తెలుగు విద్యార్థి ఒక నోటుపుస్తకం తీసి, ఎడమ పేజీలో తెలుగు వాక్యం, కుడి పేజీలో కొరియన్ వాక్యం రాసుకొని, సమానమైన ముక్కల కింద ఒకే రంగు గీత గీసుకుంటూ పోతే సూత్రాలు వాటంతట అవే బోధపడతాయి.

పోలిక తప్పే చోట్లను కూడా గుర్తుపెట్టుకోవాలి. మన క్రియ పురుషను, వచనాన్ని, లింగాన్ని చూపుతుంది. కొరియన్ క్రియ వీటిలో దేన్నీ చూపదు. ‘కాయొ’ అంటే వెళ్తాను, వెళ్తావు, వెళ్తుంది, వెళ్తారు అన్నీ. కర్తను చెప్పకుండా వదిలేయడం వారికి అలవాటు కాబట్టి ఎవరి గురించి మాట్లాడుతున్నారో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. ‘లో’ అన్నదానికి వారికి రెండు ప్రత్యయాలున్నాయి: ఊరికే ఉండే చోటుకు ‘ఎ’, పని జరిగే చోటుకు ‘ఎసొ’. ‘శ్రీకాకుళంలో ఉన్నాను’, ‘శ్రీకాకుళంలో చదువుతున్నాను’ అన్న రెండు వాక్యాల్లో మనం ఒకే ‘లో’ వాడతాం, వారు వాడరు.

అంకెల విషయానికి వస్తే, సొంత లెక్క ఒకటి, చైనా నుంచి వచ్చిన లెక్క ఒకటి. వయసూ గంటలూ మొదటిదానితో, నిమిషాలూ డబ్బూ ఫోన్ నంబర్లూ రెండోదానితో చెబుతారు. పెద్ద మొత్తాలను వేలతో కాక ‘మాన్’ అనే పదివేలతో లెక్కిస్తారు. ఇంగ్లీషు చదువుకున్నవారికి ఇది తలనొప్పి, మనకు కాదు. పది మాన్‌లు ఒక లక్ష, వెయ్యి మాన్‌లు ఒక కోటి, ఆ పైన ‘ఒక్’ అంటే పది కోట్లు. వారి ధరలను మిలియన్లలోకి మార్చుకోకుండా నేరుగా లక్షల్లోకి మార్చుకోవాలి.

ఈ పోలికలు చూసి రెండు భాషలూ ఒకే తల్లి బిడ్డలని తేల్చేయడం తొందరపాటు. కొరియాలో పనిచేసిన అమెరికన్ హోమర్ హల్బర్ట్ 1905లోనే కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఒక వ్యాకరణం రాశాడు. భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికాన్ని అంగీకరించలేదు. అలాగే ‘అయుత’ అనే దూరదేశం నుంచి క్రీ.శ. 48లో ఓడ మీద వచ్చి కొరియా దక్షిణాన ఉన్న పాత కయా రాజ్యపు రాజు సురోను పెళ్లాడిన రాకుమారి హొ హ్వాంగ్-ఓక్ కథ 13వ శతాబ్దపు గ్రంథంలో ఉన్న ఐతిహ్యం. ఆమె సమాధిగా చెప్పేది కిమ్హే నగరంలో ఉంది, కొరియన్‌వారు ఆ కథను ఎంతో గౌరవిస్తారు. వినడానికి బాగుంటుంది, చరిత్రగా రుజువైనది కాదు. పోలికలను చదువుకు పనిముట్లుగా వాడుకుంటే చాలు.

ఎవరితో ఎలా మాట్లాడాలి

కొరియన్‌లో తప్పు వ్యాకరణాన్ని నవ్వి ఊరుకుంటారు కానీ తప్పు మర్యాదను తేలిగ్గా తీసుకోరు. మన ‘అండి’లాగే వాక్యం చివర చేరే ‘యొ’ రోజువారీ మర్యాద. సభల్లో, వార్తల్లో, కార్యాలయాల్లో ‘మ్నిదా’తో ముగిసే రూపం వినిపిస్తుంది. ఈ రెండూ లేకుండా మాట్లాడటం ‘పన్‌మల్’, అంటే చనువు మాట; దగ్గరి స్నేహితుల మధ్య, చిన్నవారితోనే చెల్లుతుంది. డ్రామాల్లో ఎక్కువగా వినబడేది ఈ చనువు మాటే కాబట్టి, వాటి నుంచే భాష నేర్చుకున్నవారు కర్మాగారపు మేనేజరుతో ‘ఒరేయ్’ ధోరణిలో మాట్లాడే ప్రమాదం ఉంది. డ్రామా చూసేటప్పుడు రెండు నిమిషాల సన్నివేశం ఒకటి ఎంచుకొని, ఎవరు ఎవరితో ‘యొ’ అన్నారు, ఎవరు అనలేదు, ఎందుకు అనలేదు అని కాగితం మీద రాసుకోవడం చాలా పనికివచ్చే సాధన.

పెద్దల విషయంలో క్రియే మారిపోతుంది. మామూలు తినడానికి ‘మొక్తా’, పెద్దలు తినడానికి ‘తుసిదా’. మనం తాతగారిని ‘భోంచేశారా’ అని అడిగి, తమ్ముణ్ణి ‘తిన్నావా’ అని అడిగినట్టే. అన్నం తిన్నావా అన్నదే వారికీ కుశలప్రశ్న. ఇల్లు కదిలేటప్పుడు మనం ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అంటాం. వారు ‘తాన్యొ ఓగెస్సుమ్నిదా’ అంటారు, అర్థం సరిగ్గా అదే. ఇంట్లోవారు ‘తాన్యొ ఓసేయొ’, అంటే వెళ్ళి రండి అని సాగనంపుతారు.

‘మీరు’ అన్న మాటకు నేరుగా సమానమైనది వాడకపోవడమే క్షేమం. హోదాకు ‘నిమ్’ చేర్చి పిలవాలి. ఉపాధ్యాయుణ్ణి ‘సొన్‌సెంగ్‌నిమ్’ అంటారు, మనం ‘మాస్టారూ’ అన్నట్టు. ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక రావడం తెలుగువారికి కొత్త కాదు. అయితే వారి ఇంటిపేర్లు కొద్ది, కిమ్, ఈ, పాక్ అన్న మూడే జనంలో చాలా పెద్ద భాగాన్ని ఆక్రమిస్తాయి. అందుకని ఇంటిపేరుకు మూలస్థానం పేరు కూడా చేరుస్తారు, కిమ్హే ఊరి కిమ్‌లు అన్నట్టు. ఇది మన గోత్రంలాంటిది. ఒకే మూలస్థానం, ఒకే ఇంటిపేరు ఉన్నవారు పెళ్లి చేసుకోరాదన్న చట్టాన్ని రాజ్యాంగ న్యాయస్థానం 1997లో తప్పుపట్టింది. రక్తసంబంధపు దూరం లెక్కలో ఎనిమిదో మెట్టు వరకు ఉన్న చుట్టాల మధ్య వివాహానికి చట్టం ఇప్పటికీ ఒప్పుకోదు. మేనరికం ముచ్చట్లు చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. వారికి మేనబావా పెదనాన్న కొడుకూ ఒక్కటే, ఇద్దరూ ‘సాచొన్’లే, అంటే నాలుగో మెట్టు చుట్టాలే.

వరసల్లో మరో మెలిక ఉంది. పిలిచేవారు ఆడా మగా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. అన్నను తమ్ముడు ‘హ్యొంగ్’ అంటే చెల్లెలు ‘ఒప్పా’ అంటుంది. అక్కను తమ్ముడు ‘నూనా’ అంటే చెల్లెలు ‘ఒన్ని’ అంటుంది. మన ప్రాంతంలో అక్కను ‘అప్ప’ అని పిలుచుకునే ఇళ్లవారు కాస్త జాగ్రత్తపడాలి, వారి ‘అప్పా’ నాన్న. పరిచయం కాగానే ఏ సంవత్సరంలో పుట్టారని అడగడం కుతూహలం కాదు, ఏ స్థాయి మాట వాడాలో తేల్చుకోవడం. పుట్టగానే ఒక ఏడుగా, ప్రతి జనవరి 1న మరో ఏడు కలుపుకొనే పాత లెక్కను అధికారిక వ్యవహారాల నుంచి 2023 జూన్ 28న తొలగించారు కానీ మాటల్లో అది ఇంకా వినిపిస్తుంది.

పండగలు, పంక్తి, పనితనం

వారి పండగల తేదీలు ఇంగ్లీషు క్యాలెండర్లో ఏటా మారుతూ గందరగోళంగా కనిపిస్తాయి. పంచాంగం తీస్తే తేటపడతాయి. చాంద్రమాన కొత్త సంవత్సరం సొల్లాల్ సాధారణంగా మాఘ శుద్ధ పాడ్యమి చుట్టూ వస్తుంది. పిల్లలు పెద్దలకు నేల మీద వంగి ‘సెబె’ అనే నమస్కారం చేసి డబ్బు పుచ్చుకుంటారు, బియ్యపు పిండి బిళ్లలు వేసిన ‘తొక్కుక్’ అనే పులుసు తింటారు. రెండో పెద్ద పండగ ఛుసొక్ ఎనిమిదో నెల పున్నమి, ఎక్కువ సంవత్సరాలలో అది మన భాద్రపద పూర్ణిమే. 2024లో సెప్టెంబరు 17న వచ్చింది. అధికమాసాలు రెండుచోట్లా వేర్వేరుగా పడినప్పుడు ఒక నెల తేడా వస్తుంది. ఆ మరునాటి నుంచి మనకు మహాలయ పక్షం, పితృదేవతల రోజులు. వారు ఆ పున్నమి ఉదయమే కొత్త బియ్యపు అన్నం, పళ్లు, పిండివంటలు పెద్దలకు నివేదించి ‘ఛారె’ చేస్తారు, సమాధుల మీద పెరిగిన గడ్డి కోసి శుభ్రం చేస్తారు. ఆ రోజు వండే ‘సొంగ్‌ప్యొన్’ బియ్యపు పిండిలో నువ్వులో బీన్సో కూరి, పైన్ చెట్టు ఆకుల మీద ఆవిరికి ఉడికించిన అర్ధచంద్రాకారపు వంటకం. వినాయక చవితి కుడుములు తిన్న పది పన్నెండు రోజులకే అది రావడం, మన జిల్లాల్లో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టే ఇళ్లవారికి ఆ పూజా విధానం తెలిసినట్టే అనిపించడం, రెండూ సహజమే.

భోజనం దగ్గర పెద్దలు చెంచా ఎత్తేదాకా ఆగాలి. అన్నం, పులుసు చెంచాతో, మిగిలినవి లోహపు పుల్లలతో తింటారు. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదు; చనిపోయినవారి ముందు అగరొత్తులు గుచ్చినట్టు ఉంటుందని వారి భావన. ఏ వస్తువైనా రెండు చేతులతో ఇచ్చిపుచ్చుకోవాలి, లేదా కుడిచేతిని ఎడమచేతితో ఆనించాలి. ఎడమచేయి దూరంగా ఉంచడమే మర్యాద అని పెరిగినవారికి దీనికి కొంత సాధన కావాలి. అడుగున మాడిన అన్నపు చెక్కలో నీళ్లు పోసి కాచిన ‘సుంగ్న్యుంగ్’ భోజనం చివర తాగుతారు. చద్దన్నం, గంజి మరిచిపోని ఇళ్లలో దాన్ని మెచ్చుకోవడానికి నటించనక్కర్లేదు.

పనితనం గురించి ఒక్క ఉదాహరణ. పొందూరులో ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని ఈ జిల్లావారందరికీ తెలుసు. దక్షిణ చుంగ్‌చొంగ్ రాష్ట్రంలోని హన్‌సాన్‌లో ‘మోసి’ అనే మొక్క నారతో బట్ట నేస్తారు. అక్కడి ఆడవారు ఆ మొక్క బెరడును తమ పళ్లతోనే సన్నని పోగులుగా చీల్చి, మోకాలి మీద పేని దారం చేస్తారు. యునెస్కో 2011లో ఆ నేతను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కొరియన్ అతిథికి ఉత్తరాంధ్ర చూపించవలసి వస్తే పొందూరు నుంచే మొదలుపెట్టమని సలహా ఇస్తాను. జముకుల కథ వినిపించగలిగితే ఇంకా మేలు. ఒకే గాయకుడు, ఒకే మద్దెలగాడు గంటల తరబడి కథ నడిపే ‘పాన్సొరి’లో మద్దెలగాడూ శ్రోతలూ నడుమ నడుమ ‘ఒల్సిగూ’ అని హుషారు మాటలు వేస్తారు. మన వంతపాటకు అలవాటుపడిన చెవి దాన్ని ఇట్టే పట్టుకుంటుంది.

సాధన, పరీక్ష

ఉపాధ్యాయుడు ఊళ్లో దొరకకపోవడం పెద్ద అడ్డంకి కాదు. కొరియన్ భాష నేర్పే సెజోంగ్ హక్‌దాంగ్ సంస్థ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం. కొరియా ప్రసార సంస్థ కేబీఎస్ వరల్డ్ రేడియో పాఠాలు విశాఖ పాసింజరు బండిలో కూర్చొని కూడా వినవచ్చు. కొరియా జాతీయ భాషా సంస్థ రూపొందించిన ప్రాథమిక నిఘంటువు అనేక భాషల్లో అర్థాలిస్తుంది. వాటిలో తెలుగు లేదు, ఇంగ్లీషుతో సరిపెట్టుకోవాలి. ఢిల్లీలో 2012 నుంచి ఉన్న కొరియన్ కల్చరల్ సెంటర్, చెన్నైలోని భారత-కొరియా సాంస్కృతిక కేంద్రం ఇన్‌కో సెంటర్ ప్రకటనలు చూస్తూ ఉండాలి. ఫోనులో కొరియన్ కీబోర్డు పెట్టుకుంటే హల్లులు ఎడమ చేతికి, అచ్చులు కుడి చేతికి వస్తాయి. రోజుకు అరగంట, అందులో సగం వినడానికి కేటాయించాలి. విన్న వాక్యాన్ని అదే వేగంతో బిగ్గరగా అనాలి. కొత్త మాటలను మన తత్సమాల పద్ధతిలో కుటుంబాలుగా పట్టుకోవాలి: ‘హక్’ అంటే చదువు, దాని నుంచి బడి ‘హక్క్యొ’, విద్యార్థి ‘హక్సెంగ్’, కళాశాల ‘తేహక్’.

గుర్తింపు కావాలంటే టోపిక్ అనే కొరియన్ భాషా సామర్థ్య పరీక్ష రాయాలి. మొదటి భాగంలో వినడం, చదవడం కలిపి 200 మార్కులు. 80 వస్తే ఒకటో స్థాయి, 140 వస్తే రెండో స్థాయి. రెండో భాగంలో రాయడం కూడా చేరి 300 మార్కులు. 120, 150, 190, 230 మార్కులకు వరసగా మూడు నుంచి ఆరు స్థాయిలు ఇస్తారు. దుబాసీ ఉద్యోగం కోరేవారు ఒకటో స్థాయి దగ్గర ఆగి దరఖాస్తులు పెట్టడం వృథా. మర్యాద రూపాలు, పరోక్ష కథనం చేతికి వచ్చేది మూడో స్థాయిలోనే. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి డిగ్రీ మొదటి సంవత్సరంలో రాసిన పరీక్ష చివరి సంవత్సరం తరవాత పనికిరాదు. ఉపకారవేతనానికో ఉద్యోగానికో దరఖాస్తు చేసే తేదీ చూసుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసి పరీక్షకు కట్టాలి.